టీచరమ్మ చేత సారీ చెప్పించిన ముగ్గురిలో నేనూ ఒకణ్ణి



ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టి చదవండి. నేను చదివింది తమిళ మీడియం అని మీకు తెలుసు. తెలుగు అక్షరాలు నాకు బడిలో రాలేదు. కాట్పాడి నుంచి తిరుపతి పోయే పాసింజర్‌లో బొమ్మసముద్రం, చిత్తూరు, పాకాల అని బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్నవి. తప్పులుంటే సరిదిద్దండి. విషయం మీద కోపం వస్తే మాత్రం ఆ కోపం అక్షరదోషాల మీద చూపించకండి.

పోయిన జూలైలో మనవాళ్ళ రెండు కుటుంబాల మధ్య ఒక రాజీ జరిగింది. కొందరికి తెలుసు, కొందరికి సగం తెలుసు. పేర్లు రాయను, స్కూలు పేరూ రాయను. ఊహించి కింద కామెంట్లలో ఎవరూ రాయవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. ఆ అమ్మాయిని అడిగే ఇది రాస్తున్నాను. "రాయండి మామా, నా పేరు మాత్రం వద్దు" అంది.

ఆ అమ్మాయి మన సభ్యుడి కోడలు. బి.ఎడ్. చేసింది. ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో క్లాసుకు లెక్కలు చెప్పేది. జీతం పద్నాలుగు వేలు. ఒకరోజు బోర్డు మీద లెక్క వేస్తుంటే వెనక బెంచీలో ఒక పిల్లవాడు ఫోన్‌తో ఆమెను వెనకనుంచి వీడియో తీస్తున్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆమె తిరిగి చూసి, ఫోన్ తీసుకుని, హెడ్‌మాస్టర్ టేబుల్ మీద పెట్టి వచ్చింది. పిల్లవాణ్ణి కొట్టలేదు. "మీ ఇంట్లో అమ్మ లేదా?" అని ఒక మాట అంది. ఆ మాట అన్నానని ఆమే నాతో ఒప్పుకుంది.

మర్నాడు పిల్లవాడి తండ్రి, చిన్నాన్న ఇద్దరూ ఆఫీసుకు పోకుండా నేరుగా క్లాసులోకి వచ్చారు. నలభైమంది పిల్లల ఎదుట ఆ అమ్మాయిని అనరాని మాటలు అన్నారు. చాక్‌పీసుల డబ్బా విసిరేశారు. మెడలో ఉన్న ఐడీ కార్డు తాడు పట్టుకుని లాగారు. తాడు తెగింది కాబట్టి సరిపోయింది. పక్క క్లాసు డ్రిల్ మాస్టారు పరుగెత్తుకొచ్చి వాళ్ళను బయటికి తీసుకుపోయాడు.

ఆ తండ్రి కూడా మన సభ్యుడే. మంచిమనిషి అనే అందరం అంటాం. ఉగాది భోజనాల ఖర్చులో పెద్ద వంతు ఆయనదే. స్కూలు కరస్పాండెంట్ పోలీసులకు ఫోన్ చేయకుండా మన సంఘం పెద్దలకు ఫోన్ చేశాడు. "మీవాళ్ళు మీవాళ్ళు మాట్లాడుకోండి సార్, ఇది స్టేషన్ దాకా పోతే స్కూలుకు చెడ్డపేరు" అన్నాడు. ముగ్గురం పోయాం. ముగ్గురిలో వయసులో పెద్దవాణ్ణి నేనే.

మేం చేసిన పని ఇది. ఆయనతో "నువ్వు క్లాసులోకి పోయి ఉండకూడదప్పా" అన్నాం. ఆమెతో "నువ్వు తల్లి మాట ఎత్తి ఉండకూడదమ్మా" అన్నాం. ఇద్దరిదీ తప్పే, ఇటు ఒకటి అటు ఒకటి, సరికి సరి అన్నాం. ఆయన గట్టిగా కూర్చున్నాడు కాబట్టి ముందు ఆమె చేతే సారీ చెప్పించాం. ఆయన "సరే, పోనీండి" అన్నాడు. అంతే, ఆయన నోట సారీ అన్న మాట రాలేదు. మేం దాన్ని పట్టించుకోలేదు. కాఫీ తాగి, గొడవ లేకుండా ముగిసిందని సంతోషపడి, ఇంటికి వచ్చాం. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను కూడా.

ఆగస్టు నెలాఖరుకు ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చుంటోంది. పోయిన నెల మా మనవరాలికి పావడా కొనడానికి పోయి ఆమె ఎదుటే నిలబడ్డాను. బిల్లు ఇచ్చి, నవ్వి, బాగున్నారా అని అడిగి, ఆ తర్వాత మెల్లగా అంది: "మామా, మీరూ కౌంటర్‌లోనే కదా పనిచేశారు. మీ కౌంటర్‌లో ఎవడైనా మీ చొక్కా పట్టుకుంటే, మీరు వాడికి సారీ చెప్పారా?"

నేను జవాబు చెప్పలేదు. వెనక క్యూ ఉంది, కవరు తీసుకుని వచ్చేశాను. కాని జవాబు నాకు తెలుసు. ఎందుకంటే నా చొక్కాను నిజంగానే ఒకడు పట్టుకున్నాడు.

1994లో, వేసవి సెలవుల రద్దీలో, నేను రిజర్వేషన్ కౌంటర్‌లో ఉన్నాను. ఒకాయన వెయిటింగ్ లిస్టు టికెట్ తీసుకొచ్చి బెర్తు ఎందుకు రాలేదని అడిగాడు. పొద్దుటినుంచి అదే ప్రశ్న నూరుసార్లు విన్నాను. "గోడమీద చార్టు అంటించాం, చదవడం రాదా?" అన్నాను. ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి నా కాలర్ పట్టుకుని లాగాడు. తల కడ్డీలకు కొట్టుకుంది. ఇప్పటికీ కనుబొమ్మ మీద చిన్న గీత ఉంది, చూసిన వాళ్ళు చిన్నప్పటి దెబ్బ అనుకుంటారు.

స్టేషన్ మాస్టర్ ఆర్పీఎఫ్‌ను పిలిచాడు. రైల్వే చట్టం 146వ సెక్షన్ కింద కేసు రాశారు. రైల్వే ఉద్యోగిని విధి చేయనీకుండా అడ్డుకుంటే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా ఫైన్, లేదా రెండూ. పెద్ద శిక్షేం కాదు. ఆయన మేజిస్ట్రేట్ ముందు నిలబడి ఫైన్ కట్టిపోయాడు. ఫిర్యాదు రాసింది నేను కాదు, మా స్టేషన్ మాస్టర్. నేను సాక్షిని మాత్రమే. కేసు పెట్టాలా వద్దా అని నన్నెవరూ అడగలేదు, రాజీకి రమ్మని మా ఇంటికీ ఎవరూ రాలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. వెనక నిలబడ్డ ఇంకో ప్రయాణికుడు కంప్లైంట్ బుక్ అడిగి తీసుకుని, క్లర్కు మర్యాద లేకుండా మాట్లాడాడని రాశాడు. పది రోజులకు నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాశాను. ఇకమీదట ప్రయాణికులతో జాగ్రత్తగా మాట్లాడమని హెచ్చరిక ఇచ్చారు, అది నా సర్వీసు కాగితాల్లో చేరింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. దెబ్బ తిన్నదీ నేనే, మెమో తీసుకున్నదీ నేనేనా అని మా ఆవిడతో రెండు రోజులు సణిగాను.

ఇప్పుడు ఆలోచిస్తే రైల్వేవాళ్ళు చేసిందే సరి. రెండు ఫైళ్ళు పెట్టారు. వాడు చెయ్యి చేసుకున్నది ఒక ఫైలు. నేను నోరు జారింది ఇంకో ఫైలు. ఒకదాన్ని తెచ్చి ఇంకోదాంతో కొట్టేయలేదు. నేను మర్యాద తప్పాను కాబట్టి వాడు కొట్టొచ్చని ఎవరూ అనలేదు. వాడు కొట్టాడు కాబట్టి నా మాట మాఫీ అని కూడా అనలేదు. మేం ముగ్గురం ఆ స్కూల్లో చేసిందేమిటంటే, రెండు ఫైళ్ళు కట్టకట్టి ఒకటి చేసి, సరికి సరి అని కొట్టేశాం. లెక్కలు చెప్పే టీచరమ్మకు తప్పుడు లెక్క చెప్పి వచ్చాం.

మన మంచితనమంతా ఇలాంటి రాజీల్లోనే ఉందని మనకు ఒక నమ్మకం. బయట జరుగుతున్నవి ఒకసారి చూడండి.

2012 ఫిబ్రవరి 9న చెన్నై పారీస్ దగ్గర ఒక స్కూల్లో తొమ్మిదో తరగతి కుర్రవాడు క్లాసులోనే టీచర్‌ను కత్తితో పొడిచి చంపాడు. చదువు సరిగా లేదని ఆమె వాడి డైరీలో ఇంటికి రాసి పంపిందట. నేను అప్పుడు బీచ్ స్టేషన్‌లో పోస్టింగ్. ఆ స్కూలు మాకు నడిచిపోయే దూరం. ఆ సాయంకాలం కౌంటర్ ముందు జనం మాట్లాడుకున్నది నా చెవిన పడింది. అయ్యో అన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళలోనే కొందరు ఆ వెంటనే "అయినా ఆవిడ ఏం రాసిందో, పిల్లవాడు అంతగా నొచ్చుకున్నాడంటే" అన్నారు. శవం ఆస్పత్రిలో ఉండగానే రెండో ఫైలు తెరిచి మొదటిదాని మీద పెట్టేశారు.

2024 నవంబరు 20న తంజావూరు జిల్లా మల్లిపట్టినంలో ప్రభుత్వ పాఠశాలలోకి ఒక మనిషి వచ్చి, పెళ్ళికి ఒప్పుకోలేదని, ఇరవై ఆరేళ్ళ టీచర్‌ను స్కూల్లోనే పొడిచి చంపాడు. దానికి సరిగ్గా వారం ముందు, 13వ తేదీన, చెన్నై గిండీ ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక రోగి కొడుకు డాక్టరును పొడిచాడు. అదృష్టం, డాక్టరు బతికాడు. డాక్టర్లకు, ఆస్పత్రి సిబ్బందికి తమిళనాడులో 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. మూడేళ్ళకు తక్కువ కాకుండా పదేళ్ళ దాకా జైలు, బెయిలు సులభంగా రాదు. టీచర్లకు అలాంటిది లేదు. ఉండాలని టీచర్ల సంఘాలు అడుగుతున్నాయి, మన సంఘం కూడా ఆ మాటకు సంతకం పెట్టాలని నా అభిప్రాయం. కాని గిండీ సంగతి చూశారుగా, చట్టం ఉన్నా కత్తి లోపలికి వచ్చింది. బయటి మనిషి గేటు దాటి స్టాఫ్ రూము దాకా ఎవరూ అడగకుండా నడిచి రాగలిగితే, తర్వాత వేసే సెక్షన్ ఏదైనా దానికి అర్థం తక్కువే.

చట్టంలో ఇంకో తేడా ఉంది, మనలో చాలామందికి తెలియదు. నాకూ ఈ గొడవ తర్వాతే తెలిసింది. ప్రభుత్వ పాఠశాల టీచరు ప్రభుత్వ ఉద్యోగి. ఆమె పని చేస్తుండగా ఎవడైనా చెయ్యి చేసుకుంటే, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 132వ సెక్షన్ ఉంది, రెండేళ్ళ దాకా జైలు. పాత ఐపీసీలో అది 353. 2023 మార్చిలో ఎట్టయపురం దగ్గర ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో తమ పాపను కొట్టాడని తల్లిదండ్రులు టీచర్‌ను తరగతి గదిలో తరిమి తరిమి కొట్టిన వీడియో మీ ఫోన్లకు కూడా వచ్చే ఉంటుంది. వీడియో ఉంది, వెంటనే అరెస్టు చేశారు.

మన అమ్మాయి ప్రైవేటు స్కూలు. ఆమెకు ఆ సెక్షన్ లేదు. తోసినా, లాగినా మామూలు కొట్లాట సెక్షనే, 115. దెబ్బ చిన్నదైతే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు కూడా మొదలుపెట్టలేని నేరం. స్టేషన్‌కు పోతే సి.ఎస్.ఆర్. రసీదు ఒకటి చేతిలో పెట్టి పంపిస్తారు. స్త్రీ మర్యాదకు సంబంధించిన సెక్షన్లు, బెదిరింపు సెక్షన్, అనుమతి లేకుండా లోపలికి చొరబడిన సెక్షన్ ఇవన్నీ ఉన్నాయి. 1998 నుంచి స్త్రీలను వేధించడం మీద తమిళనాడుకు సొంత చట్టం ఉంది, విద్యాసంస్థల మాట అందులోనే ఉంది. అయితే ఏది వేస్తారన్నది ఫిర్యాదు ఎవరు రాశారు, ఎలా రాశారు అన్నదాని మీద ఆధారపడుతుంది. పద్నాలుగు వేల జీతం టీచరు ఒంటరిగా స్టేషన్ మెట్లు ఎక్కి రాస్తుందా? ఆమె తరఫున రాయవలసిన స్కూలువాళ్ళు మాకు ఫోన్ చేశారు. మేం పోయి, రాయకుండా చూశాం.

ఆ వీడియో సంగతి కూడా మేం ఎత్తలేదు. పిల్లవాడి చేష్ట అని వదిలేశాం. పదిమంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ఏ సంస్థలోనైనా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి ఒక అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. స్కూలు కూడా పనిచేసే చోటే. పైగా, పనిచేసే చోటుకు వచ్చిపోయే బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ ఇవ్వడం యజమాని బాధ్యత అని అదే చట్టంలో ఉంది. ఆ స్కూల్లో కమిటీ ఉందా అని నేను ఆ రోజు అడగలేదు. మొన్న ఆ అమ్మాయిని అడిగాను. ఆఫీసు గోడ మీద ఒక కాగితం ఉందట, అందులో ఒక పేరు మూడేళ్ళ కిందట మానేసిన టీచర్‌దట.

ఇక పిల్లల విషయం. ఇక్కడ నేను జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే మనలో చాలామంది "పిల్లలకు భయం లేకుండా పోయింది, బెత్తం తిరిగి ఇవ్వాలి" అంటున్నారు. 2022 ఏప్రిల్‌లో మనకు బస్సులో గంట దూరంలో మాదనూరు ప్రభుత్వ పాఠశాలలో రికార్డు నోటు అడిగినందుకు ఒక కుర్రవాడు టీచరు మీదికి చెయ్యెత్తి పోయిన వీడియో అందరం చూశాం. 2024 డిసెంబరులో అటు రాయచోటిలో, మనలో కొందరికి చుట్టాలున్న వైపే, తొమ్మిదో తరగతి పిల్లలు దాడి చేశాక ఒక ఉపాధ్యాయుడు కుప్పకూలి చనిపోయాడు. 2025 ఏప్రిల్ 15న పాళయంకోటలో ఎనిమిదో తరగతి పిల్లవాడు తోటి పిల్లవాణ్ణి కొడవలితో నరుకుతుంటే అడ్డుపోయిన టీచరమ్మకు కూడా గాయమైంది. ఈ చివరిది మరిచిపోకండి. పిల్లవాడి మీద పడే కొడవలికి ఆమె తన చెయ్యి అడ్డం పెట్టింది. ఏ సర్క్యులర్‌లో ఆ పని ఆమెకు రాసి ఉంది?

కాని బెత్తం సంగతి నాకు బాగా తెలుసు, నేను తిన్నాను కాబట్టి. మా నాన్న నన్ను ఆరో క్లాసులో చేర్చిన రోజు కణక్కు వాద్యారుతో తమిళంలో అందరు తండ్రులూ చెప్పే మాటే చెప్పాడు: కళ్ళు రెండు వదిలేయండి, మిగతా తోలంతా ఒలిచేయండి. ఆయన ఆ మాట నిలబెట్టాడు. తెలుగు ఇంటి పిల్లవాణ్ణి, నాకు 'ழ' పలకదు. పలకని ప్రతిసారీ దెబ్బ. ఆ దెబ్బలతో 'ழ' వచ్చిందా అంటే, రాలేదు. రిటైరయ్యాక కూడా మా మనవరాలు నా పలుకుబడిని ఎక్కిరిస్తుంది. ఆ వాద్యారును నేను కొట్టలేదు, నిజమే. అది గౌరవం కాదు, భయం. ఆయన ఊరు మారిపోయాక మా క్లాసు పిల్లలం మిఠాయి పంచుకున్నాం. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

తమిళనాడులో 2003 నుంచే బడిలో కొట్టడం నిషేధం. దేశమంతటికీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో అదే ఉంది, కొట్టడమే కాదు, మనసు నొప్పించి వేధించడం కూడా. ఆ చట్టం అలాగే ఉండాలి. పిల్లల మీద చెయ్యి వేసే టీచర్లు, అంతకన్నా పాడుపనులు చేసేవాళ్ళు లేరని నేను అనను. పేపర్లో చదువుతూనే ఉన్నాం. అక్కడ కేసులు పడాలి, గట్టిగా పడాలి. నేను చెప్పేదల్లా, బెత్తం తీసేసిన రోజున దాని బదులు టీచరు చేతికి ఏమీ ఇవ్వలేదు అని. పిల్లలతో మాట్లాడే కౌన్సెలర్‌ను ఇచ్చారా? గొడవ ముదిరితే తానే ముందు నిలబడే హెడ్‌మాస్టర్‌ను ఇచ్చారా? నలభై, యాభై మంది పిల్లల ముందు ఒట్టిచేతులతో నిలబెట్టి, ఫలితాలు మాత్రం నూటికి నూరు కావాలన్నారు.

మాదనూరు గొడవ తర్వాత టీచర్లతో తప్పుగా ప్రవర్తించే పిల్లలను బడినుంచి తీసేస్తాం, టి.సి.లో కారణం రాస్తాం అని ప్రభుత్వం చెప్పింది. నాకు అది నచ్చలేదు. ఎనిమిదో క్లాసు దాకా పిల్లవాణ్ణి బడినుంచి తీసేయడానికి విద్యాహక్కు చట్టమే ఒప్పుకోదు. ఆ పైన తీసేస్తే, ఆ కాగితం పట్టుకుని వాడు ఏ బడికి పోతాడు? నేను పనిచేసిన స్టేషన్లలో ప్లాట్‌ఫాం మీద తిరిగే పిల్లలను చాలామందిని చూశాను. ఎక్కువమందిని ఏదో ఒక బడి వద్దనుకున్నదే. పిల్లవాడికి దిద్దుబాటు కావాలి, దానికి సమయం పడుతుంది. పెద్దవాడికి కేసు కావాలి, దానికి ఒకరోజు చాలు. మనం చేసేది తలకిందులు. పిల్లవాణ్ణి వెలివేయమంటాం, వాడికి నేర్పించిన పెద్దవాడితో కాఫీ తాగుతాం.

ఆ ఫోన్ పిల్లవాడి సంగతి చెబుతాను. తండ్రి క్లాసులో అరుస్తున్నంతసేపూ వాడు తల బెంచీకి ఆనించి ఏడుస్తూ ఉన్నాడట. ఆ అమ్మాయి చెప్పింది. "వాడి మీద నాకు కోపం లేదు మామా, రెండు రోజులు పోతే వాడే వచ్చి సారీ చెప్పేవాడు. వాళ్ళ నాన్న వాడికి ఆ దారి లేకుండా చేశాడు" అంది. మేం ముగ్గురం ఆ రోజు అందరితో మాట్లాడాం, ఆ పిల్లవాడితో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు.

తల్లిదండ్రులకు ఫిర్యాదు ఉంటే ఏం చేయాలి అని అడుగుతారు. ఉంటుంది. మన పిల్లవాణ్ణి అవమానించారంటే కడుపు మండుతుంది, నాకూ ఇద్దరు పిల్లలు. ఆఫీసుకు పోండి, కాగితం మీద రాయండి, తేదీ వేయండి, అందినట్టు సంతకం తీసుకోండి. స్కూలు పట్టించుకోకపోతే విద్యాశాఖ హెల్ప్‌లైన్ 14417 ఉంది, పిల్లల మీద హింస అయితే 1098 ఉంది. ప్రభుత్వ పాఠశాల అయితే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం. మనవాళ్ళు ఎంతమంది ఆ కమిటీ మీటింగులకు పోతున్నారు? ఆ కుర్చీలో కూర్చోవడానికి తీరిక లేదు, క్లాసులోకి చొరబడటానికి మాత్రం షాపు మూసి వస్తాం.

ఇంకో మాట, ఇది రాస్తే కొందరికి నచ్చదు. ఆ రోజు ఆ తండ్రి క్లాసులో అన్న మాటల్లో "మేమెవరో తెలుసా?" అన్నది కూడా ఉంది. ఆ అమ్మాయీ మనవాళ్ళే కాబట్టి అక్కడ ఆ మాటకు అర్థం డబ్బు మాత్రమే. ఆమె చోట వేరే కులం టీచరు, మనకన్నా తక్కువని మనం అనుకునే కులం టీచరు ఉంటే ఆ మాటకు అర్థం ఇంకోలా ఉండేది. అప్పుడు మేం ముగ్గురం పోయేవాళ్ళమా, పోతే ఎవరి పక్క కూర్చునేవాళ్ళం? ఈ రాష్ట్రంలో బడి పిల్లల చేతికి కులానికొక రంగు తాడు కడుతున్నారని, అది పోవాలని, 2023లో నాంగునేరిలో జరిగిన ఘోరం తర్వాత వేసిన జస్టిస్ చంద్రు కమిటీ రాసింది. తాళ్ళు విప్పమని టీచరే చెప్పాలి. చెప్పిన టీచరును ఇంటిదాకా తరిమే పెద్దలు ఉన్న ఊళ్ళో ఎవరు చెబుతారు? మనం ఇక్కడ తక్కువమందిమి, భాష వేరు, అందుకే సంఘం పెట్టుకున్నాం. ఒకరికొకరు అండగా ఉండటానికి పెట్టుకున్న సంఘం, డబ్బున్నవాడికి మాత్రమే అండగా నిలబడితే దాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

వచ్చే కార్యవర్గ సమావేశంలో నేను ఒక తీర్మానం పెడతాను. టీచర్ మీద గాని, నర్సు మీద గాని, బస్సు కండక్టర్ మీద గాని, పనిచేసే చోట చెయ్యి చేసుకున్న విషయంలో మన సంఘం రాజీకి కూర్చోదు. కొట్టినవాడు మనవాడైనా సరే. దెబ్బ తిన్నవాళ్ళు మనవాళ్ళయితే, స్టేషన్‌కు తోడు పోవడానికి ఇద్దరిని పంపుతుంది, అందులో ఒకరు ఆడమనిషి ఉండాలి. ఫిర్యాదు రాసిపెట్టడానికి నేను వస్తాను. ముప్పై ఏడేళ్ళు రైల్వేలో కాగితాలు రాసినవాణ్ణి, ఆ ఒక్క పని నాకు వచ్చు. టీచరు తప్పు చేసి ఉంటే ఆ ఫిర్యాదు కూడా నేనే రాసిపెడతాను. కాని వేరే కాగితం మీద, వేరే రోజున.

తీర్మానం పెడితే ఉగాది భోజనాలకు డబ్బు తగ్గుతుందని ఒక మిత్రుడు ఇప్పటికే ఫోన్ చేసి చెప్పాడు. తగ్గితే పులిహోర, మజ్జిగతో సరిపెట్టుకుందాం. మాకు అరవై దాటాయి, డాక్టర్లు ఎలాగూ అదే తినమంటున్నారు. "పాత గొడవ ఎందుకు తవ్వుతారు, ఆ అమ్మాయి కూడా మరిచిపోయింది" అని ఇంకొకరు అన్నారు. మరిచిపోయిన మనిషి బిల్లింగ్ కౌంటర్‌లో నిలబడి ఆ ప్రశ్న అడగదు.

ఆ తండ్రికి కూడా ఈ రాత చేరుతుందని తెలుసు. తమ్ముడూ, నీ మీద నాకు పగ లేదు. నీకు ఆ రోజే చెప్పవలసిన మాట చెప్పకుండా నీతో కాఫీ తాగిన తప్పు నాది. నువ్వు స్కూలుకు పోయి, ఆఫీసులో కూర్చుని, ఆ క్లాసు పిల్లలకు వినపడేలా ఒక మాట చెబితే బాగుంటుంది. నీ కొడుకు ఆ క్లాసులోనే కూర్చుంటున్నాడు.

ఈ ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు నేను ఆ అమ్మాయి ఇంటికి పోతున్నాను. షాపుకు ఆ రోజు సెలవు పెట్టిందట, వాళ్ళ మామగారితో మాట్లాడి కనుక్కున్నాను. ఆ రోజు నాతో వచ్చిన మిగతా ఇద్దరికీ విడిగా మెసేజ్ పెట్టాను. ఒకరు వస్తానన్నారు. ఇంకొకరు చదివినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.